సముద్రతీర విహారం: బస కన్నా ముందు భోజనం

వేసవి సెలవులు సమీపించగానే మత్తిగిరి, హొసూరు, కెలమంగలం ప్రాంతాల కుటుంబాలలో సముద్రతీర యాత్ర ప్రస్తావన రావడం పరిపాటి. సముద్రమట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, చల్లని గాలికి అలవాటుపడిన ఈ పీఠభూమి వాసులకు సముద్రం ఏ దిక్కున చూసినా దూరమే. పుదుచ్చేరి సుమారు 270 కిలోమీటర్లు, మహాబలిపురం సుమారు 300 కిలోమీటర్లు. పడమటి తీరానికి పోవాలంటే కర్ణాటకను అడ్డంగా దాటి కనుమలు దిగాలి. హొసూరు మీదుగా పోయే నాగర్‌కోయిల్, తూత్తుకుడి రైళ్లలో కన్యాకుమారికీ తిరుచెందూరుకూ వెళ్లేవారు ఉన్నారు గాని, ఆ ప్రయాణాలలో దైవదర్శనమే ప్రధానం, సముద్రం అనుబంధం. కేవలం అలలు చూసి, పిల్లలను ఇసుకలో ఆడించి రావాలనుకొనేవారిలో ఎక్కువమంది మొగ్గు పుదుచ్చేరి వైపే. బెంగళూరు నుంచి హొసూరు, కృష్ణగిరి, తిరువణ్ణామలై మీదుగా అక్కడికి బస్సులున్నాయి. సొంత వాహనమైతే ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి చేరవచ్చు.

ఇటువంటి యాత్రకు సిద్ధమయ్యేవారు మొట్టమొదట గది కోసం వెదుకుతారు. గది దొరికితే చాలు, తిండి ఎక్కడైనా దొరుకుతుందన్నది వారి ధీమా. కొత్తగా పెళ్లయిన జంటకు ఆ ధీమా సరిపోతుంది. కాని తాత, అవ్వ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, నలుగురు పిల్లలు కలిసి పదిమంది బయలుదేరే ఇంట అది చెల్లదు. అవ్వకు మధుమేహం, తాతకు మధ్యాహ్నం రాగిసంగటి లేనిదే పూట గడవదు, పెద్దకోడలు శనివారం మాంసాహారం ముట్టదు, చిన్నవాడికి కారం తగిలితే ఏడుపు. ఇట్టి కుటుంబం ఎక్కడ దిగాలన్నది, ఏమి తినాలన్న ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతే తేలుతుంది. కనుక క్రమాన్ని తిరగవేసి, ముందు భోజనాల లెక్క వేసుకొని, ఆ లెక్కకు తగిన బసను వెదకడం ఉత్తమం.

మే నెల చిక్కు

బడి సెలవులు మే నెలలో. సముద్రతీరానికి అదే ప్రతికూలమైన నెల. అగ్నినక్షత్రం రోజులలో తీరప్రాంతపు ఎండ కన్నా అక్కడి ఉక్కపోతే పీఠభూమి వాసులను ఎక్కువ బాధిస్తుంది. మత్తిగిరిలో రాత్రివేళ కిటికీ తెరిస్తే చల్లబడే అలవాటు ఉన్నవారు, తీరాన రాత్రి కూడా చెమట ఆరకపోవడం చూసి కలవరపడతారు. అందుచేత మే నెలలో వృద్ధులు, పసిపిల్లలు ఉన్నవారు ఏసీ గదిని విలాసమని కొట్టివేయరాదు. అన్ని గదులకూ ఆ ఖర్చు భరించలేనివారు పెద్దలకు, పసివారికి ఒక గది మాత్రం అలాంటిది తీసుకొని మిగిలినవి మామూలువి తీసుకోవచ్చు.

రెండవ చిక్కు చేపలది. సముద్రం ఒడ్డుకు పోయి తాజా చేప తినాలన్న కోరికతోనే సగం కుటుంబాలు బయలుదేరుతాయి. అయితే తూర్పుతీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యంత్ర పడవలకు చేపల వేట నిషిద్ధం. చేపలు గుడ్లుపెట్టే కాలమని ఈ కట్టడి విధించారు. మొదట 45 రోజులుగా ఉన్న గడువును తరువాత 61 రోజులకు పెంచారు. అంటే పిల్లల సెలవులూ వేట నిషేధమూ ఒకే కాలంలో వస్తాయి. చిన్న పడవలవారు ఒడ్డుకు దగ్గరలో పట్టే చేపలు అప్పుడూ దొరుకుతాయి గాని, పెద్ద వంజరాలు అరుదై, ధర పెరుగుతుంది. ఆ రోజులలో హోటలు వడ్డించే వంజరం ముక్క పడమటి తీరం నుంచి మంచులో వచ్చినది కావచ్చు, శీతల గిడ్డంగిలో ఉన్నదీ కావచ్చు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. అందువల్ల మే నెలలో అక్కడి పడవలు సముద్రం మీదే ఉంటాయి. చేపల కోసమే పోయేవారు ఈ సంగతి తెలిసి పోతే నిరాశ ఉండదు.

మన జిల్లావాసులకు చేప అంటే కృష్ణగిరి ఆనకట్ట చేప. కట్ల, రోహు, జిలేబి రకాలకు అలవాటుపడిన నాలుకకు, కంటికి సముద్రపు చేపలు కొత్త. పుదుచ్చేరి అంగళ్లలో అరవ పేర్లే వినిపిస్తాయి. వంజరం రెండు భాషలలోనూ వంజరమే. వవ్వాల్ అంటే మన చందువ, కొడువా అంటే పండుగప్ప, నెత్తిలి అంటే నెత్తళ్లు, మత్తి అంటే కవళ్లు, ఇరాల్ రొయ్య, నండు పీత. ముల్లు తీసుకోలేని పిల్లలకు వంజరం, పండుగప్ప మేలు. ఆనకట్ట చేపలలో వలె సన్నని చీలిక ముళ్లు వాటిలో ఉండవు. మొప్పలు ఎర్రగా, కన్ను తేటగా ఉండి, వేలితో నొక్కిన కండ వెంటనే లేస్తే చేప తాజాది. కానాగడతల వంటివి ఎండలో కొంతసేపు పడి ఉంటే వాటిలో పుట్టే విషపదార్థం ఎంత వేయించినా పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబారడం, దద్దుర్లు, వాంతులు కనిపిస్తాయి. ఒడ్డున బండ్ల మీద మసాలా పట్టించి మధ్యాహ్నం నుంచి పరచి ఉంచిన ముక్కలను రాత్రి ఎనిమిదింటికి పిల్లలకు పెట్టించకపోవడానికి ఇదే కారణం.

వంటిల్లు ఉన్న ఇల్లు: సెలవు ఎవరికి?

పదిమందికి నాలుగు లాడ్జి గదులు తీసుకోవడం కన్నా వంటిల్లుతో కూడిన ఇల్లు రోజు బాడుగకు తీసుకోవడం చౌక అని చాలామంది లెక్క కడుతున్నారు. హోంస్టేలు, సర్వీస్ అపార్ట్‌మెంట్లు అన్న పేర్లతో ఇవి పుదుచ్చేరిలోనూ, ఉత్తరాన తూర్పుతీర రహదారి వెంబడీ దొరుకుతున్నాయి. డబ్బు లెక్క నిజమే. అందరూ ఒక చోట కూర్చొని మాట్లాడుకొనే వీలు మరొక లాభం. కాని లెక్కలో రాని ఖర్చు ఒకటున్నది. ఇంటి వద్ద వండి విసిగిన కోడళ్లే ఇక్కడా ఉదయం ఉప్మా, మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీ చేస్తూ, అంట్లు తోముతూ, సముద్రాన్ని వంటింటి కిటికీలోంచి చూస్తారు. మూడు రోజుల యాత్ర ముగిసేసరికి మగవారు, పిల్లలు సేదతీరి ఉంటారు; ఆ ఇద్దరు స్త్రీలు మాత్రం మరింత అలసి తిరిగివస్తారు. ఇంత డబ్బు వెచ్చించి వంటిల్లు మార్చడాన్ని సెలవు అనడం కష్టం.

అయినా వంటిల్లు అక్కరలేదని దీని భావం కాదు. దానిని ఎంతవరకు వాడాలో ఇంట్లోనే తేల్చుకొని బయలుదేరాలి. రెండు రాత్రులు, మూడు పగళ్ల యాత్రను ఉదాహరణగా తీసుకొంటే, దారిలో తినే ఉదయపు ఫలహారం పోగా ఏడు పూటలు తేలతాయి. పదిమందికి డెబ్బై విస్తళ్లు. ఉదయం ఫలహారాలు బయటే తినడం అన్నివిధాలా సుఖం. తమిళ పట్టణాలలో తెల్లవారగానే ఇడ్లీ, పొంగలి వేడిగా, మెత్తగా, కారం లేకుండా దొరుకుతాయి. పెద్దలకూ పసివారికీ శాకాహారులకూ ఒకే చోట సరిపోయే తిండి అంతకన్నా లేదు. మధ్యాహ్నం ఆకు భోజనం కూడా బయటే. అయితే మెస్సులలో పన్నెండున్నరకు పోతే అన్నీ ఉంటాయి, రెండున్నరకు పోతే కూరలు అడుగంటుతాయి. మొదటి రాత్రి ప్రయాణపు అలసటలో దోసెలు, ఇడియాప్పం పొట్లాలు కట్టించి తెచ్చుకోవడమే. ఇక నిజంగా పొయ్యి వెలిగించి వండవలసింది రెండవ రాత్రి ఒక్కటే. ఆ పూటకు మగవారు అంగడికి పోయి చేపలు శుభ్రం చేయించి తేవాలి, అంట్లు కూడా వారే తోమాలి. శనివారం నాడైతే చేపల గిన్నెలు, చారు గిన్నెలు వేరుగా పెట్టుకోవాలి. మిగిలిన వేళలలో వంటిల్లు పాలు కాచడానికి, రాగిజావకు, అవ్వకు వేళ తప్పకుండా ఇంత ఏదైనా కలిపి పెట్టడానికి పనికివస్తుంది. మధుమేహానికి మాత్రలో సూదిమందో తీసుకొనేవారికి భోజనం గంట ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరిగే ప్రమాదముంది. ఆ ఒక్క అవసరానికే వంటిల్లు ఉన్న ఇల్లు తీసుకొన్నా ఖర్చు వృథా కాదు.

తాతగారి రాగిసంగటి సంగతి విడిగా చెప్పుకోవాలి. పిండి ఇంటి నుంచి తీసుకుపోవడం అందరికీ తోచేదే. కాని బాడుగ ఇళ్లలో ఉండే పలుచని నాన్‌స్టిక్ గిన్నెలలో సంగటి కెలకడం సాగదు. దళసరి గిన్నె ఒకటి, కెలికే కట్టె ఒకటి, ఇంటి కుక్కరు ఒకటి వాహనంలో వేసుకొంటే మూడు రోజుల సణుగుడు తప్పుతుంది. తీరప్రాంతపు బోరునీరు చాలా చోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటుంది. అందులోని సున్నపు లవణాల వల్ల కందిపప్పు ఎంతసేపైనా మెదగదు. పప్పుకు, కాఫీకి తాగే నీళ్ల క్యానునే వాడాలి. కూరగాయలు హొసూరు నుంచే తీసుకుపోవచ్చు. బీన్సు, క్యారెట్టు, రాయకోట టమాటాలు మూడు రోజులు నిలుస్తాయి. మే నెలలో కృష్ణగిరి మామిడి ఎటూ ఉన్నదే.

బస గురించి అడగవలసినవి

ఇంతవరకు తేలిన తరువాత బస వెదకడం సులువు. సముద్రానికి ఎంత దూరమన్న ఒక్క ప్రశ్నతో ఆగక, ఏ సముద్రానికి అని కూడా అడగాలి. పుదుచ్చేరి పట్టణపు ఒడ్డు ఎక్కువ భాగం బండరాళ్ల కట్ట. 1980లలో రేవు కట్టడాలు వచ్చిన తరువాత ఇసుక కదలిక తెగి తీరం కోసుకుపోయింది; ఇటీవలి సంవత్సరాలలో నీటిలో కృత్రిమ గట్టు నిర్మించాక సచివాలయం ఎదుట కొంత ఇసుక తిరిగి చేరింది. సాయంత్రం నుంచి మరునాటి ఉదయం వరకు బీచ్ రోడ్డులో వాహనాలను అనుమతించరు. నడవడానికి అది ఎంతో హాయి. అదే సమయంలో, ఆ రోడ్డు మీద దిగిన వృద్ధులకు రాత్రివేళ ఆటో గుమ్మం దాకా రాదు. పిల్లలు ఇసుకలో ఆడాలంటే దక్షిణాన చుణ్ణాంబారు నుంచి పడవ మీద చేరే ఇసుకతిన్నెకో, ఉత్తరాన ఆరోవిల్ వైపు ఒడ్డులకో పోవాలి. పట్టణంలో బస చేస్తే తిండి దగ్గర, ఇసుక దూరం. ఉత్తరపు ఒడ్డున చేస్తే ఇసుక దగ్గర, తిండి దూరం. పెద్దలున్న కుటుంబానికి పట్టణమే మేలు. ఇసుక రోజుకొకసారి చూస్తారు, ఆకలి మూడుసార్లు వేస్తుంది.

శ్రీ అరవిందాశ్రమం వారి అతిథిగృహాలు పరిశుభ్రతకు, మితమైన అద్దెకు పేరుపొందినవి. అక్కడ మద్యపానం, పొగతాగడం నిషిద్ధం. రాత్రి నిర్ణీత వేళకు గేటు మూస్తారు. ఆ నియమాలు పాటించగల కుటుంబానికి అవి అడ్డంకులు కావు, రక్షణ. ఎందుకంటే పుదుచ్చేరిలో మద్యం ధర తక్కువన్న పేరు ఉండనే ఉంది. వారాంతాలలో బెంగళూరు, చెన్నైల నుంచి వచ్చే యువకుల బృందాలు దిగే లాడ్జిలలో రాత్రి రెండింటి వరకు సద్దుమణగదు. బార్ ఉన్న హోటలా కాదా అన్నది సంకోచించకుండా అడగవలసిన ప్రశ్న. శుక్ర, శనివారాలు వదిలి సోమవారం నుంచి బుధవారం వరకు పెట్టుకొంటే నిశ్శబ్దమూ దక్కుతుంది, అద్దె కూడా చాలా చోట్ల తగ్గుతుంది.

ఫోను మీద తేల్చుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉన్నదా, కమోడ్ ఉన్న స్నానాల గది ఎన్నింటికి, పన్నెండింటికే గది ఖాళీ చేయాలా, లేక దిగిన వేళ నుంచి ఇరవై నాలుగు గంటలా, అదనపు పరుపుకు ఎంత, గ్యాసు సిలిండరు బాడుగలో కలిసినదేనా, మాంసాహారం వండనిస్తారా, కరెంటు పోతే జనరేటరు ఫ్యానుకా ఏసీకి కూడానా. ‘సీ వ్యూ’ అన్న మాటను అసలు నమ్మరాదు. మేడపైకి ఎక్కి మెడ చాస్తే కనిపించే నీలిగీతను కూడా అలాగే వ్యవహరిస్తారు. అలల అంచునే గుడిసెలు అన్న ప్రకటనలు చూసినప్పుడు మరొకటి జ్ఞాపకం ఉంచుకోవాలి. తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వుల ప్రకారం, జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరాలలో పోటురేఖ నుంచి 200 మీటర్ల వరకు సాధారణంగా కొత్త కట్టడాలకు అనుమతి లేదు. ఒడ్డునే కొత్తగా వెలసిన వసతికి అనుమతి ఉన్నదో లేదో తెలియకుండా ముందుగా మొత్తం సొమ్ము కట్టడం తగదు.

పన్నుల విషయం క్లుప్తంగా. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులపై జీఎస్టీ 5 శాతం, అంతకు పైన 18 శాతం. మామూలు భోజనశాలల బిల్లుపై 5 శాతం. దానితో పాటు సర్వీస్ ఛార్జి అని కలిపితే అది పన్ను కాదు, ఇచ్చి తీరవలసినదీ కాదు. దానిని బిల్లులో తమంతట తాము కలపరాదన్న 2022 నాటి మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. పదిమంది తిన్న బిల్లులో ఆ పంక్తి చిన్న మొత్తం కాబోదు.

దారిలో

కృష్ణగిరి, ఊత్తంగరై, సెంగం, తిరువణ్ణామలై, సెంజి, తిండివనం. ఇదీ దారి. తెల్లవారుజామున బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి ముందే తిరువణ్ణామలై దాటవచ్చు. పెద్దలకు అరుణాచలేశ్వరుని దర్శనం కావాలంటే అక్కడే భోజనం. ఒక్కటే జాగ్రత్త. పౌర్ణమి రోజులలో గిరిప్రదక్షిణకు వచ్చే జనంతో ఆ ఊరి దారులన్నీ స్తంభిస్తాయి, తిండికీ గదికీ కూడా కటకట. ప్రయాణపు తేదీ పెట్టేముందు పంచాంగం చూడవలసిన కారణాలలో ఇది ఒకటి.

దారికి పులిహోర, పెరుగన్నం కట్టుకుపోవడం మన ఇళ్ల ఆచారం. ఎండకు వేడెక్కిన వాహనంలో పెరుగన్నం, ఉడికించిన గుడ్లు, కొబ్బరి పచ్చడి గంటా గంటన్నర కన్నా నిలవవు. పాడైన అన్నంలో పుట్టే విషం తిరిగి వేడిచేసినా పోదు. చింతపండు, నూనె పడిన పులిహోర కొంత మేలు; అదీ పొద్దుటి పూటకే. ఆ తరువాత బొరుగులు, వేరుశనగలు, చక్కిలాలు, అరటిపండ్లు చాలు. ఇన్సులిన్ సీసాను వాహనం ముందు అద్దం వద్ద పెట్టరాదు, మంచుగడ్డకు ఆనించనూ రాదు. తడిగుడ్డ చుట్టిన సంచిలో నీడన ఉంచాలి. విరేచనాలు పట్టుకొంటే లీటరు మంచినీటిలో తలగొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగించడం మొదటి చికిత్స. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు సంచిలో ఉంటే ఆ కొలత బాధ కూడా లేదు.

తుఫాను రోజులు

మే ఉక్కను తప్పించుకోవాలని డిసెంబరు అర్ధసంవత్సర సెలవులలో పోయేవారికి వేరే చిక్కు ఉంది. 2011 డిసెంబరు 30 ఉదయం ‘థానే’ తుఫాను పుదుచ్చేరి, కడలూరుల నడుమ తీరం దాటింది. కొత్త సంవత్సరానికి రెండు రోజుల ముందు అది. 2024 నవంబరు 30న ‘ఫెంగల్’ పుదుచ్చేరి సమీపంలోనే తీరం దాటి, అక్కడ ఒక్క రోజులో 50 సెంటీమీటర్లకు చేరువగా వాన కురిపించింది. అదే తుఫాను లోపలికి వచ్చి మన జిల్లాలోని ఊత్తంగరైని ముంచెత్తింది. అక్కడ కూడా సుమారు 50 సెంటీమీటర్లే. అంటే గమ్యమే కాదు, దారి కూడా అదే తుఫాను పాలయింది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బస కుదుర్చుకొనేవారు, వాతావరణ హెచ్చరిక వస్తే బయానా తిరిగి ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది మాటగా కాక సందేశం రూపంలో రాయించుకోవాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన అలల గురించి ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. తుఫాను లేని తేట రోజులలో కూడా దూరపు సముద్రం నుంచి వచ్చే ఉప్పెన అలలు ఒడ్డున నిలుచున్నవారిని లాగివేయగలవు. మే నెలకూ ఇది వర్తిస్తుంది.

పొంగలి దాటిన తరువాత జనవరి చివర, ఫిబ్రవరి నెలలలో ఎండ తక్కువ, తుఫాను భయం తక్కువ, చేపల వేట నిషేధం లేదు. అప్పుడు బడులు ఉంటాయి, నిజమే. బడికి పోని పసివారు, పెద్దలు మాత్రమే వెళ్లదలచిన కుటుంబాలు ఆ నెలలనే ఎంచుకోవడం మంచిది. బడి పిల్లలున్నవారికి మే నెల తప్పదు గనుక, వారు మే మొదటి వారంలోనే గదికి బయానా ఇచ్చి, వేట నిషేధం ముగిశాకనే పెద్ద వంజరం దొరుకుతుందని ఇంట్లో ముందే చెప్పి బయలుదేరాలి. తిరుగు ప్రయాణం నాడు కృష్ణగిరి చేరేసరికి రాత్రి అవుతుంది. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించకుండా అక్కడే ఫలహారం ముగించుకొని మత్తిగిరికి రావడం, ఆ ఇద్దరు కోడళ్ల సెలవును మరొక పూట పొడిగిస్తుంది.